మంచి జైలరు, మారని నిబంధన: ‘మా దైవం’ చిత్రం – నెల్లూరు తీరపు సెటిల్‌మెంట్ల చరిత్ర

వ్యాససంగ్రహం

ఖైదీల సంస్కరణను ఇతివృత్తంగా తీసుకున్న తెలుగు చిత్రాలలో ‘మా దైవం’ (1976) ముఖ్యమైనది. ఒక ఉదాత్తుడైన జైలరు నమ్మకం ఆరుగురు హంతకులను మనుషులుగా మారుస్తుందని ఆ కథ చెబుతుంది. చెడు ఒక వ్యక్తి స్వార్థంలోను, మంచి మరొక వ్యక్తి త్యాగంలోను ఉంటాయని ఈ తరహా చిత్రాలు సూచిస్తాయి. ఆ చిత్రం రావడానికి ఆరు దశాబ్దాల ముందే కోస్తాంధ్రలో, ముఖ్యంగా నెల్లూరు, గుంటూరు జిల్లాల తీరంలో, ‘సంస్కరణ’ పేరుతో నేరస్థ తెగల సెటిల్‌మెంట్లు నడిచాయి. వాటి చరిత్రను పరిశీలిస్తే వ్యవస్థాగత అవినీతికి ప్రధాన స్థానం వ్యక్తి స్వభావం కాదని, చట్టపు నిర్మాణమేనని తెలుస్తుంది. సినిమా చూపిన సంస్కరణను, చరిత్రలో జరిగిన సంస్కరణను ఎదురెదురుగా ఉంచి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందుకు ‘మాలపల్లి’ నవలను, చిట్టమూరు తీరంలోని యానాదుల అనుభవాన్ని, స్టువర్టుపురం పేరుతో వచ్చిన చిత్రాలను ఆధారంగా తీసుకున్నాను.

కీలకపదాలు: జైలు చిత్రాలు, మా దైవం, నేరస్థ తెగల చట్టం, సెటిల్‌మెంటు, స్టువర్టుపురం, కప్పరాళ్ళతిప్ప, ఎరుకలు, యానాదులు, మాలపల్లి.

1. ఉపోద్ఘాతం

జైలు కథలో సాధారణంగా మూడు పాత్రలుంటాయి. నేరం చేసి పశ్చాత్తాపపడే ఖైదీ ఒకడు, అతణ్ణి నమ్మే మంచి అధికారి ఒకడు, అతణ్ణి పీడించి లాభపడే చెడ్డ అధికారి ఒకడు. మంచి అధికారి గెలిస్తే సంస్కరణ జరిగినట్టు, చెడ్డ అధికారి ఓడితే అవినీతి అంతమైనట్టు కథ ముగుస్తుంది. ప్రేక్షకుడికి తృప్తి కలుగుతుంది. జైలు మాత్రం అలాగే ఉంటుంది. దాని నియమావళిని ఎవరూ తెరిచి చూడరు.

ఈ కథా నిర్మాణాన్ని కేవలం సినిమా సౌలభ్యంగా కొట్టివేయలేం. సంస్కరణ అనే మాటను సమాజం ఎలా అర్థం చేసుకుందో అది తెలుపుతుంది. సంస్కరణ అంటే నేరస్థుని మనసు మారడమేనా? అతణ్ణి నేరస్థుడిగా నిర్ణయించే నిబంధన కూడా మారాలా? ఈ ప్రశ్నకు తెలుగు నేల మీద చారిత్రకమైన సమాధానం ఉంది. దానిని వెదకడానికి ముందు సినిమా కథను, దాని మూలాన్ని చూడాలి.

2. ‘మా దైవం’: కథ, మూలం

నందమూరి తారక రామారావు, జయచిత్ర నటించగా ఎస్.ఎస్. బాలన్ దర్శకత్వంలో ‘మా దైవం’ 1976లో విడుదలైంది. ఇది వి. శాంతారామ్ హిందీ చిత్రం ‘దో ఆంఖేఁ బారహ్ హాథ్’ (1957)కు తెలుగు రూపం. అంతకు ముందు సంవత్సరం ఇదే కథ ‘పల్లాండు వాళ్గ’గా తమిళంలో ఎం.జి. రామచంద్రన్‌తో వచ్చింది. ఇద్దరు కథానాయకులూ తరువాత తమ రాష్ట్రాలకు ముఖ్యమంత్రులు కావడం గమనించదగిన విషయం. ఒక వ్యక్తి మంచితనమే వ్యవస్థను నిలబెడుతుందనే కథ వారి తెర రూపానికి చక్కగా అమరింది.

మూలకథ సరళమైనది. ఆదినాథ్ అనే జైలరు ఆరుగురు హంతకులను పై అధికారి అనుమతితో జైలు బయటికి తీసుకుపోతాడు. సంకెళ్ళు, కాపలా లేకుండా ఒక బీడు భూమిలో వారితో సేద్యం చేయిస్తాడు. పండిన కూరగాయలను వారు తక్కువ ధరకు అమ్ముతారు. దానితో దెబ్బతిన్న వ్యాపారి వారిని పతనం చేయడానికి పూనుకుంటాడు. తాగించి దారి తప్పించాలని చూస్తాడు, చివరికి దాడి చేయిస్తాడు. ఆ దాడిలో జైలరు ప్రాణం పోతుంది. శీర్షికలోని ‘రెండు కళ్ళు’ ఆ జైలరువి, ‘పన్నెండు చేతులు’ ఆ ఆరుగురివి. పారిపోవాలనుకున్నప్పుడు ఆ కళ్ళే వారిని వెంటాడి వెనక్కి రప్పిస్తాయి. తెలుగు శీర్షిక మరో మెట్టు పైకి వెళ్ళి ఆ జైలరును ‘దైవం’ చేసింది. హిందీ శీర్షికలో ఖైదీల చేతులకు కూడా చోటుంది. తెలుగు శీర్షికలో వారు కేవలం భక్తులయ్యారు.

ఈ కథలో రెండు విషయాలు ఇక్కడ ముఖ్యం. మొదటిది: అవినీతి జైలు లోపల లేదు, సంతలో ఉంది. జైలు అధికారులు సందేహించవచ్చు కాని నిజాయితీపరులే. రెండవది: ఖైదీల శ్రమ సంతకు శత్రువు. వారు నిజాయితీగా పండించి చవకగా అమ్మడమే వ్యాపారికి నష్టం. ఈ రెండు విషయాలనూ సెటిల్‌మెంట్ల చరిత్రతో పోల్చి చూస్తే కథ తలకిందులవుతుంది.

3. స్వతంత్రపురం: సినిమా వదిలేసిన సగం

శాంతారామ్ చిత్రానికి ఆధారం నిజంగా జరిగిన ప్రయోగం. నేటి మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానంలో 1939లో ‘స్వతంత్రపూర్’ అనే బహిరంగ కారాగారం ఏర్పడింది. గాంధీ అనుచరుడు, పోలండ్‌లో పుట్టిన ఇంజనీరు మారిస్ ఫ్రీడ్‌మన్ దాని వెనుక ఉన్న ప్రేరకుడు. భారతానంద అనే పేరుతో కూడా ఆయనను పిలిచేవారు. సంస్థానాధీశుడు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి దానికి అనుమతినిచ్చాడు.

ఈ ప్రయోగాన్ని విడిగా చూడకూడదు. అదే కాలంలో ఔంధ్ పాలకుడు తన అధికారాన్ని ప్రజలకు అప్పగిస్తూ, గాంధీ సలహాతో గ్రామ పంచాయతీలు పునాదిగా కొత్త రాజ్యాంగాన్ని తెచ్చాడు. అంటే ఖైదీని నమ్మిన రాజ్యం ముందుగా తన పౌరుణ్ణి నమ్మింది. సంకెళ్ళు విప్పడం పాలనా విధానంలో వచ్చిన పెద్ద మార్పులో ఒక భాగం. సినిమాలో ఈ సగం కనిపించదు. పాలనలో మార్పు తెర మీద ఒక జైలరు హృదయ వైశాల్యంగా మిగిలింది.

తెలుగు రూపం వచ్చేనాటికి ఈ తేడా మరింత స్పష్టం. అనంతపురంలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం 1960వ దశకంలోనే ఏర్పడింది. అంటే ‘మా దైవం’ విడుదలయ్యేనాటికి బహిరంగ కారాగారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ విధానంగా అమలులో ఉన్నదే. సినిమా దానిని ఒక అసాధారణ వ్యక్తి కలగా చూపింది. సంస్కరణను నిబంధనగా కాక మహిమగా చూడటానికి అలవాటుపడిన దృష్టి ఇది.

4. గోడల్లేని జైలు: సెటిల్‌మెంట్లు

ఖైదీలను గోడల బయట, పొలాల్లో ఉంచి పనిచేయిస్తూ సంస్కరించడం తెలుగువారికి సినిమా నేర్పిన విషయం కాదు. 1910వ దశకం నుంచి మన తీరంలో అది జరిగింది. కాకపోతే అక్కడ ఉంచినవారిలో అధికులు న్యాయస్థానంలో నేరం రుజువైన వారు కారు.

నేరస్థ తెగల చట్టం మొదట 1871లో వచ్చింది. అప్పట్లో అది మద్రాసు రాష్ట్రానికి వర్తించలేదు. 1911లో చేసిన కొత్త చట్టంతో దేశమంతటికీ విస్తరించింది. 1924లో ఈ చట్టాలను సమీకరించి మళ్ళీ చట్టం చేశారు. ఒక తెగ లేదా సమూహం నేరాలకు అలవాటుపడిందని ప్రభుత్వం భావిస్తే ఒక ప్రకటనతో దానిని ‘నేరస్థ తెగ’గా నిర్ణయించవచ్చు. ఆ తెగవారు తమ పేర్లను నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలివ్వాలి, నిర్ణీత వేళల్లో హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. అవసరమనుకుంటే వారిని సెటిల్‌మెంటులో ఉంచవచ్చు. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసు పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి పారిశ్రామిక లేదా సంస్కరణ పాఠశాలలో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికుంది.

మద్రాసు ప్రభుత్వం ఈ సెటిల్‌మెంట్లలో కొన్నింటి నిర్వహణను క్రైస్తవ మిషన్లకు అప్పగించింది. బాపట్ల సమీపంలో 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం ఏర్పడింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నెల్లూరు జిల్లా ఉత్తర భాగంలో కావలి కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎరుకల సెటిల్‌మెంటు నడిపింది. బిట్రగుంట దగ్గరి కప్పరాళ్ళతిప్ప ఆ చరిత్రకు చెందిన ఊరే. రైలు మార్గానికి పక్కనే ఉన్న ఈ రెండు ఊళ్ళ పేర్లూ తరువాతి కాలంలో వార్తాపత్రికల భాషలో దొంగతనానికి పర్యాయపదాలైపోయాయి.

ఎరుకల పూర్వ జీవనం వేరు. వారిలో ఒక వర్గం తీరంలోని ఉప్పును గాడిదల మీద లోపలి ప్రాంతాలకు మోసుకుపోయి, ధాన్యం తెచ్చేది. ఉప్పు ఎరుకలు అనే పేరు ఆ వృత్తిని బట్టి వచ్చిందే. ప్రభుత్వ ఉప్పు గుత్తాధిపత్యం, రైలు మార్గాలు ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. అటవీ చట్టాలు బుట్టలకు, తడికలకు కావలసిన వెదురును, ఈతను దూరం చేశాయి. ఈ మార్పుల చరిత్రను మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో వివరంగా చర్చించారు. బతుకుతెరువు పోగొట్టుకున్న సంచారిని రాజ్యం సంచారమే నేరమన్నట్టు చూసింది.

5. అవినీతి ఎక్కడుంది?

సెటిల్‌మెంట్ల నిర్వాహకులందరూ దుర్మార్గులని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. వారిలో చిత్తశుద్ధితో బడి పెట్టినవారు, వైద్యం చేసినవారు, అక్షరం నేర్పినవారు ఉన్నారు. చాలామంది తమను తాము ఆదినాథ్ వంటి మంచి జైలర్లుగానే భావించుకున్నారు. భారతదేశంలో సాల్వేషన్ ఆర్మీ పనికి నాయకుడైన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ ఈ పని గురించి రాసిన పుస్తకానికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు పెట్టాడు. నేరాన్ని రోగంగా, సంస్కరణను చికిత్సగా భావించిన పేరు అది. రోగం ఉందో లేదో పరీక్షించకుండానే మొత్తం కులానికి మందు వేయడం ఆ చికిత్సలోని మౌలిక దోషం.

కనుక అవినీతిని లంచం, దౌర్జన్యం అనే అర్థంలో మాత్రమే తీసుకుంటే అసలు విషయం తప్పిపోతుంది. చట్టపు నిర్మాణంలోనే మూడు చోట్ల అది కనబడుతుంది.

మొదటిది, ప్రశ్నకు అతీతమైన అధికారం. ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటించిన ఉత్తర్వు చెల్లుబాటును ఏ న్యాయస్థానమూ ప్రశ్నించకూడదని చట్టమే నిర్దేశించింది. విచారణ లేనిచోట నిర్దోషిత్వానికి అర్థం లేదు. పోలీసు రిజిస్టరులో పేరు ఎక్కించేవాడు, హాజరు తీసుకునేవాడు, పాసు ఇచ్చేవాడు మంచివాడైతే మంచి జరుగుతుంది, చెడ్డవాడైతే చెడు జరుగుతుంది. పెళ్ళికో, చావుకో పొరుగూరు పోవలసిన మనిషి ఆ సంతకం కోసం ఎవరో ఒకరి దయ మీద ఆధారపడాలి. హక్కు ఉండవలసిన చోట దయను ఉంచడమే అవినీతికి మూలం. లంచం దాని తరువాతి పరిణామం.

రెండవది, శ్రమ. సినిమాలో ఖైదీల శ్రమను చూసి సంత భయపడింది. చరిత్రలో సంత ఆ శ్రమను కోరుకుంది. స్టువర్టుపురం వాసులు చీరాలలోని ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీకి శ్రామికులయ్యారు. బెజవాడ సమీపంలోని సీతానగరం సెటిల్‌మెంటువాసులు రాతి క్వారీలలో పనిచేశారు. పని మానుకొని మరోచోటికి పోయే స్వేచ్ఛ లేని కూలీ ఏ యజమానికైనా లాభమే. కూలి బేరమాడడానికి కావలసిన కనీస బలం ఊరు విడిచి పోగలగడం. పాసు నిబంధన ఆ బలాన్నే తీసివేసింది. పనిచేయడం నేర్పుతున్నామని నిర్వాహకులు చెప్పుకున్నారు. ఉప్పు మోసి, బుట్టలల్లి బతికిన వారికి పని కొత్త కాదు. నిర్బంధంలో పనిచేయడమే కొత్త.

మూడవది, శిక్షలోని అసమానత. నమోదైన తెగకు చెందిన వ్యక్తి కొన్ని నేరాలలో రెండవసారి శిక్ష పడితే కనీసం ఏడేళ్ళు, మూడవసారికి యావజ్జీవ ప్రవాసం అనుభవించే విధంగా చట్టం కట్టుదిట్టం చేసింది. అదే నేరం మరొక కులస్థుడు చేస్తే సాధారణ శిక్షే. ‘మా దైవం’లో హత్య చేసినవారికి పొలం దొరికింది. చట్టంలో చిన్న దొంగతనానికి పుట్టుక తోడైతే ప్రవాసం దొరికింది.

మూలచిత్రంలోని ‘రెండు కళ్ళు’ను ఈ సందర్భంలో తిరిగి చూడాలి. ప్రేక్షకుడికి అవి వాత్సల్యానికి గుర్తు. హాజరు పుస్తకం కూడా ఒక కన్నే. ఆ కన్ను మూతపడకపోవడమే సెటిల్‌మెంటు జీవితం. సినిమా చూపిన చూపు మనసు లోపలికి వెళ్ళి మనిషిని మార్చింది. రిజిస్టరు చూపు తరతరాలుగా మనిషిని అక్కడే నిలిపింది.

6. దక్షిణ కొస: చిట్టమూరు తీరం

ఇంతవరకు చెప్పినది పాత నెల్లూరు జిల్లా ఉత్తర కొస కథ. దక్షిణ కొసన గూడూరు దిగువన చిట్టమూరు, కోట, వాకాడు ప్రాంతం ఉంది. చిట్టమూరు మండలం 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. చరిత్ర దృష్టిలో మాత్రం అది నెల్లూరు తీరమే. ఒకవైపు మాగాణి, మరోవైపు పులికాట్ సరస్సు అంచు, ఉప్పునేలలు ఉన్న ఈ ప్రాంతంలో ఎరుకల సెటిల్‌మెంటు వంటి సంస్థ కాక, యానాదుల అనుభవం మనకు ఆధారమవుతుంది. సెటిల్‌మెంటు కంచె లేనిచోట కూడా దాని తర్కం ఎలా పనిచేసిందో ఈ అనుభవం చెబుతుంది.

పులికాట్‌కు, సముద్రానికి మధ్య ఉన్న శ్రీహరికోట యానాదులకు ప్రధాన ఆవాసం. 1835లో ఆ దీవి ప్రభుత్వ నిర్వహణ కిందికి వచ్చింది. యానాదులు కట్టెలు, తేనె, మైనం, ఔషధ మూలికలు మొదలైన అటవీ ఉత్పత్తులను సేకరించి ఇస్తే బదులుగా బియ్యం ఇచ్చే పద్ధతి నడిచింది. జాన్ బాస్వెల్ 1873లో ప్రచురించిన నెల్లూరు జిల్లా మాన్యువల్‌లోను, ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన సంపుటాలలోను యానాదుల గురించి విస్తృతమైన వర్ణన ఉంది. నాగరికులను చేయడం అనే మాట అక్కడ కూడా శ్రమను క్రమబద్ధం చేయడంతో ముడిపడి ఉంది.

మాగాణి గ్రామాలలోని యానాదుల స్థితి మరింత విచిత్రం. పొలాలకు, తోటలకు, కళ్ళాలకు కావలి కాసేది యానాది. కళ్ళంలో ధాన్యం పోతే మొదట అనుమానించేది కూడా యానాదినే. యజమాని దృష్టిలో అతడు నమ్మకస్థుడైన కావలివాడు, పోలీసు దృష్టిలో అనుమానితుడు. యానాదులలో కొన్ని వర్గాల మీద నేరస్థ తెగల చట్టాన్ని ప్రయోగించారు. ఒకే మనిషి నమ్మకానికి, అనుమానానికి ఏకకాలంలో పాత్రుడు కావడం వ్యక్తి గుణాన్ని బట్టి సాధ్యం కాదు. ఆ రెండూ అతని పుట్టుకకు వేసిన ముద్రలు కావడం వల్లనే సాధ్యమైంది.

ఈ ముద్రను తొలగించడానికి జీవితమంతా పనిచేసినవారు నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య (1897–1981). స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్న ఆయన యానాదులను సంఘటితం చేశారు, నేరస్థ తెగల చట్టం రద్దు కోసం వాదించారు. యానాదుల మీద, సంచార తెగల మీద, గిరిజన తిరుగుబాట్ల మీద గ్రంథాలు రాశారు. 1973లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. ఆయన కృషిలో గమనించవలసిన అంశం ఒకటుంది. యానాదులకు నీతి బోధించడంతో ఆగక, వారిని నేరస్థులన్న నిబంధనను తీసివేయమని ప్రభుత్వాన్ని కోరారు. ఈ వ్యాసం వెదుకుతున్న రెండవ రకం సంస్కరణ ఇదే.

7. ‘మాలపల్లి’ ముందుగా చూసినది

సినిమా చూడనిదాన్ని తెలుగు నవల చాలా ముందుగా చూసింది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో ఉండగా రాసిన ‘మాలపల్లి’ 1922లో వెలువడి, నిషేధానికి గురైంది. ఈ నవలను గాంధేయ దృష్టితోను, వర్గ దృష్టితోను, దళిత దృష్టితోను విమర్శకులు చర్చించారు. సంస్కరణ సంస్థల విమర్శగా కూడా దానిని చదవవచ్చు.

రామదాసు కుటుంబం మొదట భూమిని పోగొట్టుకుంటుంది. తరువాత నేరారోపణకు గురవుతుంది. ఆపైన సెటిల్‌మెంటు పాలవుతుంది. అక్కడ వారి మీద మతం మార్చుకోవాలనే ఒత్తిడి వస్తుంది. కొడుకు వెంకటదాసు అన్యాయాన్ని ఎదిరించి తక్కెళ్ళ జగ్గడుగా మారి, చివరికి జైలులో మరణిస్తాడు. ఈ క్రమాన్ని గమనించాలి. ఉన్నవ కథలో నేరం మొదట రాదు. భూమి పోవడం మొదటిది, నేరస్థుడనే పేరు రెండవది, సంస్కరణ మూడవది. ‘మా దైవం’ వంటి చిత్రాలు మూడవ అంకంతో కథ మొదలుపెట్టి, మొదటి రెండు అంకాలను ఖైదీ గతంగా, అతని వ్యక్తిగత దోషంగా మారుస్తాయి.

రామదాసు వేదాంతి, సాత్త్వికుడు. అతణ్ణి మార్చడానికి ఏ సంస్కర్తకూ ఏమీ మిగలదు. సంస్కరణ అక్కరలేని మనిషిని సంస్కరణశాలలో నిలబెట్టడం ద్వారా ఉన్నవ ఆ సంస్థనే బోనెక్కించాడు. నవల రచనకు కొద్దికాలం ముందు, 1919-20లో, సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన భారత జైళ్ళ కమిటీ శిక్షతోపాటు ఖైదీ సంస్కరణ కూడా జైలు లక్ష్యం కావాలని సూచించింది. ప్రభుత్వం సంస్కరణ భాష నేర్చుకుంటున్న వేళ, ఆ భాష కింద నలిగేవారి వైపు నుంచి తెలుగు నవలాకారుడు మాట్లాడాడు.

8. స్టువర్టుపురం తెరకెక్కిన తీరు

సెటిల్‌మెంటు చరిత్ర తెలుగు సినిమాలోకి రాకపోలేదు. వచ్చిన తీరు పరిశీలించదగింది. 1991లో రెండు చిత్రాలు స్టువర్టుపురం పేరుతో విడుదలయ్యాయి. ఒకటి యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి నటించిన ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’. రెండవది సాగర్ దర్శకత్వంలో భానుచందర్ నటించిన ‘స్టువర్టుపురం దొంగలు’. శీర్షికలే చాలు. ఊరి పేరు ఒకచోట ఠాణాతో, మరొకచోట దొంగలతో కలిసి సమాసమైంది. బడితోనో, పొలంతోనో, చీరాల పొగాకు కంపెనీకి నడిచిన కూలీలతోనో కలవలేదు.

2023లో వంశీ దర్శకత్వంలో రవితేజ నటించిన ‘టైగర్ నాగేశ్వరరావు’ అదే ఊరికి చెందిన ఒక గజదొంగ జీవితాన్ని ఆధారం చేసుకుంది. దొంగసొత్తును పంచుకునే పోలీసు, రాజకీయ శక్తులను అది కొంతవరకు చూపింది. ఆ మేరకు ఒక అడుగు ముందుకు వేసినట్టే. అయినా కథ అసాధారణ వీరుడి చుట్టూ తిరగడం వల్ల ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, 1913లో ఆ ఊరు ఎందుకు పుట్టింది అనే ప్రశ్నలు వెనకబడ్డాయి. ‘మా దైవం’లో జైలరు దైవమైతే ఇక్కడ దొంగ దైవమయ్యాడు. నిబంధన మాత్రం రెండు కథలలోనూ పాత్ర కాలేదు.

సినిమాకు ముఖం కావాలి, నిబంధనకు ముఖం ఉండదు అనే సమాధానం చెప్పవచ్చు. అది కొంతవరకు నిజం. కాని హాజరు పుస్తకం, వేలిముద్రల కాగితం, పాసు చీటీ, రాత్రి పిలుపుకు నిద్రలేచే పిల్లలు అన్నీ దృశ్యాలే. తెరకు అవి కొరవడలేదు, తెర వాటిని కోరలేదు.

9. చట్టం పోయిన తరువాత

మద్రాసు రాష్ట్రం 1947లో నేరస్థ తెగల చట్టాన్ని రద్దు చేసింది. తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో ఏర్పడిన కేంద్ర కమిటీ దేశవ్యాప్తంగా రద్దును సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం దేశమంతటా రద్దయింది. విముక్త జాతులు నేటికీ ఆ రోజును విముక్తి దినంగా జరుపుకుంటాయి. అయితే తెగ స్థానంలో వ్యక్తిని పెట్టి, అలవాటుపడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో అటువంటి చట్టం 1962లో వచ్చింది. నమోదు, కదలికల మీద ఆంక్ష అనే పాత పనిముట్లు కొత్త పేరుతో కొనసాగాయి.

1970వ దశకంలో స్టువర్టుపురంలో మరొక ప్రయత్నం జరిగింది. గుర్రం జాషువ కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం ‘సంస్కార్’ సంస్థ ద్వారా ఆ ఊరి కుటుంబాలతో పనిచేశారు. అది నిర్బంధం లేని సంస్కరణ, సంభాషణ మీద ఆధారపడిన సంస్కరణ. ‘మా దైవం’ విడుదలైన దశకంలోనే, ఆ కథకు దగ్గరగా ఉండే పని తెలుగు నేల మీద నిజంగా జరుగుతున్నది. దాని విలువను గుర్తిస్తూనే ఒక మాట చెప్పాలి. వ్యక్తుల కృషి ఎంత గొప్పదైనా, పోలీసు రిజిస్టరు తెరిచి ఉన్నంతకాలం ఊరి పేరు చెప్పుకొని ఉద్యోగం అడగడం, అద్దెకు ఇల్లు అడగడం కష్టమే.

నిబంధన ఎంత మొండిదో 2024 అక్టోబరు 3న వెలువడిన సుప్రీంకోర్టు తీర్పు తెలియజేస్తుంది. సుకన్యా శాంత వేసిన వ్యాజ్యంలో, జైళ్ళలో కులాన్ని బట్టి పని, గదులు కేటాయించే నిబంధనలను న్యాయస్థానం రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. విముక్త, సంచార తెగల పట్ల వివక్షను కూడా ఆ తీర్పు పరిశీలించింది. కొన్ని రాష్ట్రాల నియమావళులు సంచార తెగలవారికి సహజంగానే పారిపోయే గుణముంటుందనే భావనను నిలుపుకున్నాయి. మూలచట్టం రద్దయి డెబ్బై రెండేళ్ళు గడిచినా జైలు పుస్తకంలో దాని నీడ మిగిలింది. ఆరుగురు హంతకులను గోడ బయటికి పంపే జైలరును చూసి మనం చప్పట్లు కొట్టిన కాలమంతా, సంచార తెగలో పుట్టినవాణ్ణి నమ్మరాదనే వాక్యం నియమావళులలో పదిలంగా ఉంది.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

‘మా దైవం’ సంస్కరణను జైలరు త్యాగంగా చూపింది. దాని మూలమైన స్వతంత్రపూర్ ప్రయోగం పాలనలో వచ్చిన మార్పుతో కలిసి పుట్టింది. తెర మీద ఆ పాలన అదృశ్యమైంది.

స్టువర్టుపురం, కావలి సెటిల్‌మెంట్లలో సంస్కరణ అనే మాట ముందుగా నిర్ణయించిన నేరం మీద నిలిచింది. అక్కడ అవినీతి చెడ్డ అధికారితో మొదలు కాలేదు. ప్రశ్నించరాని ప్రకటన, పాసు, నిర్బంధ శ్రమ, అసమాన శిక్ష అనే నిబంధనలతో మొదలైంది. వాటి కింద మంచి అధికారి కూడా అన్యాయాన్నే మెత్తగా అమలు చేయగలడు.

చిట్టమూరు తీరపు యానాది అనుభవం సెటిల్‌మెంటు లేనిచోట కూడా ఈ తర్కం పనిచేయడాన్ని చూపుతుంది. కావలివాడే అనుమానితుడు కావడం దానికి తార్కాణం.

‘మాలపల్లి’ ఈ విషయాన్ని 1922 నాటికే గ్రహించింది. భూమి, నేరం, సంస్కరణ అనే క్రమాన్ని అది నిలిపితే, సినిమా చివరి మెట్టును మాత్రమే తీసుకుంది.

జైలు చిత్రాలను అధ్యయనం చేసే పరిశోధకులు నటన, కథనం, సందేశంతోపాటు ఆ చిత్రంలో నియమావళి ఎక్కడుందని కూడా అడగడం అవసరం. ఖైదీ శ్రమ ఫలం ఎవరికి చేరింది, అతణ్ణి నేరస్థుడన్నది ఎవరు, ఆ మాటను ప్రశ్నించే చోటు ఉందా అనే ప్రశ్నలు సాహిత్య విమర్శకు కూడా చెందినవే. కప్పరాళ్ళతిప్ప, స్టువర్టుపురం వంటి ఊళ్ళలో పుట్టి డిగ్రీ తరగతులకు వచ్చే విద్యార్థి తన ఊరి పేరును పాఠంలో వినేటప్పుడు తల వంచుకోకుండా ఉండాలంటే, ఆ పేరు ఎలా తయారైందో చెప్పే చరిత్ర కూడా ఆ పాఠంలో ఉండాలి.